పదకొండో పోగు

డెబ్భైనాలుగు మాఘమాసంలో తవిటయ్య చేతిలో ఉన్నది నాలుగువందల నలభై రూపాయలు. అందులో అతని సొంతం నలభయ్యే. జ్యేష్ఠంలో అమ్మవారి పండక్కి వేటలు కొనడానికి ఉత్తరాది ఉక్కు కర్మాగారపు ఊరి శివారు మాంగోలో ఒకే సందులో ఉన్న పదకొండు తెలుగిళ్లవాళ్లు వారానికో రూపాయి చొప్పున నలభై వారాలు కట్టిన సొమ్మది.

అదే ఊరి సాక్చి బజారులో పప్పుల దుకాణం నడిపే తవిటయ్యకి ఊరికే పడివున్న డబ్బును చూస్తే నిద్ర పట్టదు. వానలు సరిగ్గా పడలేదు. బియ్యం ధర పెరుగుతుంది. గడ్డిలేక పల్లెవాళ్లు మేకల్ని తెగనమ్ముకుంటారు. కాబట్టి ఇప్పుడు బియ్యం కొని, పండగ ముందు అమ్మి, ఆ డబ్బుతో మేకలు తేవాలి. రెండువందల ఇరవై చొప్పున రెండు బస్తాలు కొని ఇంట్లో పెట్టాడు.

"మన మేకలు బస్తాల్లో ఉన్నాయన్నమాట! ఈనితే కబురెట్టు మావా," అన్నాడు పక్కింటి పోలరాజు.

చైత్రానికి బస్తా మూడువందలు దాటింది. రేషను దుకాణం మూతపడింది. ఓ పొద్దున్నే సూరమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. తల్లి పోయాక తవిటయ్యని పెంచిన పిన్ని. రెండిళ్ల అవతల ఒంటరిగా ఉంటుంది. అంట్లు తోమే పనీ పోయింది. అది ఉన్నన్నాళ్లూ వేటల రూపాయి ఒక్కవారం తప్పలేదు.

"ఒరే తవిటీ, రెండు సేర్లు కొలిసియ్యరా. పండక్కి నా పోగులో తగ్గించుకో."

"మూతిప్పిన బస్తాకి బస్తా ధర రాదు పిన్నీ. నీకిత్తే రేపు పది గిన్నెలొత్తాయి. ఓపికట్టు, ఒక్కో పోగూ రెండింతలవుద్ది."

"అందాకా ఏటి తిన్ను? నీ లెక్కలా?" అని నవ్వింది.

తవిటయ్యా నవ్వి, పావుసేరు శనగపప్పు పొట్లం కట్టిచ్చాడు. పళ్లులేని సూరమ్మ పొట్లాన్ని తిప్పి చూసి, "నానేసుకుంటాలే," అంది.

మళ్లీ గిన్నె పట్టుకు రాలేదు. వైశాఖంలో నాలుగురోజుల జ్వరంతో పోయింది. జ్వరమేనన్నారు అందరూ. ఆమె పొయ్యిలో బూడిద కూడా లేకపోవడం తవిటయ్య చూశాడు. ఎవరికీ చెప్పలేదు.

బస్తాలు మూడువందల యాభై చొప్పున అమ్ముడయ్యాయి. మేక నూటడెబ్భై అయిదుకే దొరికింది.

పండగనాడు మోదుగాకుల మీద పదకొండు పోగులు పెట్టారు. ఎప్పటిలాగే పెద్దమనిషిగా తవిటయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పోలరాజు ఒక్కో పోగుమీదా వేలుపెట్టి అడుగుతుంటే, చూడకుండా పేరు చెప్పాలి.

"ఇదెవుల్ది?"

"నీలకంఠానిది."

"ఇదెవుల్ది మావా?"

"సూరమ్మ పిన్నిది."

పోలరాజు ఆ ఆకుని పక్కకు జరిపి, తర్వాతి పోగుమీద వేలు పెట్టాడు. తవిటయ్య గోడవైపు నుంచి తిరగలేదు.

పెట్టుబడి నాలుగువందల నలభై. వచ్చింది ఏడువందలు. నిరుడు రెండు మేకలు, ఈ ఏడు నాలుగు. మాంసం నలభైనాలుగు కిలోలు. పోగుకి నాలుగేసి కిలోలు. పది పోగులు ఇళ్లకు చేరాయి.