పావురాల గాలి

హిందూపురంలో హజరత్‌వలి పావురాలంటే తెలియనివాళ్లు లేరు. ఆయన పెళ్లాం పేరు మాత్రం పక్కింటివాళ్లకు కూడా గుర్తుండదు. ఆమె పేరు బుడన్‌బీ, పుట్టిల్లు ధర్మవరం.

మిద్దె మీద పిల్లి తిరుగుతోందని హజరత్‌వలి పావురాల గూటిని ఇంట్లోకి దించాడు. ఇల్లంటే ఒక గది, ఒక వంటిల్లు. ఆ గది కాస్తా పావురాలకిచ్చేశాడు, ఎంతైనా పెద్ద మనసు. గింజలు వేసేది, రెట్ట ఊడ్చేది, రాలిన ఈకలు ఏరేది బుడన్‌బీ. వాటికి పేర్లు పెట్టి, మిద్దెక్కి ఎగరేసి ఈల వేసే కష్టమంతా ఆయనది.

చలికాలం దాటేసరికి ఆమెకు పొడిదగ్గు పట్టుకుంది, వెనకాలే ఆయాసం. బిందె ఎత్తితే చాలు, గోడ పట్టుకుని నిలబడాలి. హజరత్‌వలి ఊరుకుంటాడా? ఆయాసానికి పావురాల రెక్కల గాలిని మించిన మందు లేదని ఎవరో పెద్దాయన చెప్పాడట. గూటిని తెచ్చి ఆమె తలాపున పెట్టాడు. దగ్గు రెట్టింపైంది.

"మందు పని చేస్తాండాది. లోపలిదంతా బయటికొస్తాండాది" అని సంబరపడ్డాడు.

పుట్టింటికి పోయి నాలుగు రోజులుంటే ఆమె దగ్గు తగ్గేది. హిందూపురం రాగానే మళ్లీ మొదలు.

"పుట్టింటి గాలైతే పడతాది, మొగుని ఇంటి గాలి పడదు" అని వీధంతా వినేట్టు అన్నాడు. బుడన్‌బీకి ఒళ్లు మండింది. కానీ తిట్టడానికి కూడా ఊపిరి కావాలి కదా.

చివరికి పెదవులు నల్లబడితే భయపడి, పెనుకొండలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె ఎక్స్‌రే చూసి, "ఇంట్లో పక్షులేమైనా పెంచుతారా?" అని అడిగింది.

"లేదు మేడమ్" అన్నాడు హజరత్‌వలి. అబద్ధమాడలేదు, పాపం. ఆయన లెక్కలో పక్షులంటే కాకులు, పిచ్చుకలు. ఇంట్లో ఉన్నది సుల్తాన్, బేగం, వాళ్ల పిల్లలు.

బుడన్‌బీ మొగుడి ముఖం చూసింది. "పావురాలుండాయమ్మా... నేను పండుకునే... తలకాడనే."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. రెట్ట దుమ్ము, ఈకల పొడి ఊపిరితిత్తుల్ని పాడుచేస్తున్నాయని, ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే ఇక బాగుపడవని చెప్పింది. "ఇంట్లో అవైనా ఉండాల, ఈమైనా ఉండాల. తేల్చుకో అప్పా."

హజరత్‌వలి ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని లేచాడు. "ఆలోచన చేసి చెప్తా మేడమ్."

బస్టాండులో హిందూపురం బస్సు ఎదురుగానే ఉంది. బుడన్‌బీ దాన్ని దాటిపోయి ధర్మవరం బస్సెక్కింది. హజరత్‌వలి పరుగున వచ్చి కిటికీ కమ్మీ పట్టుకున్నాడు. వాటిని ఎవరికైనా ఇచ్చేస్తాను, ఇంటికి రా అంటాడేమోనని ఆమె ఆశగా చూసింది. ఆ ఒక్క మాట అంటే దిగిపోయేదే.

"మాపటికి వాటికి గింజలు ఎవరేస్తారే?" అన్నాడు, కళ్లనిండా నీళ్లతో.

బస్సు కదిలింది. బుడన్‌బీ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసి, ఒక్క గుక్కలో చెప్పేసింది.

"నువ్వే వెయ్యి. రెట్ట కూడా నువ్వే ఊడ్చు. ఆయాసమొస్తే గూడు తలకాడ పెట్టుకో, మంచి మందంట."