భుజాల మీద డెక్కలు

ఆ గుర్రాన్ని చెడగొట్టింది ముమ్మాటికీ చక్కెరే. గుర్రాలాయన ఈ మాట అడిగినవాళ్ళకీ చెబుతాడు, అడగనివాళ్ళకీ చెబుతాడు. చక్కెర అంటే ఆయన బావమరిది, భార్యకు తమ్ముడు. జేబులో ఎప్పుడూ చక్కెర బిళ్ళలు వేసుకు తిరిగేవాడు కనుక ఆ పేరు పడింది. మాట కూడా తియ్యగానే ఉంటుంది. పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం నడుము వంగదు.

ఆ గుర్రం పుట్టడమే నెత్తుట్లో పుట్టింది. కడుపులో పిల్ల ముందుకాలు వెనక్కి మడతపడింది. గుర్రాలాయన చొక్కా విప్పి, చేతికి నూనె రాసుకుని, భుజం దాకా లోపలికి పెట్టి ఆ కాలు వెతికాడు. నొప్పికి తాళలేక తల్లి తన్నిన తన్నుకు ఆయన పక్కటెముకలు రెండు విరిగాయి. అయినా వదల్లేదు. తాడు కట్టి, పాదం గోడకు ఆనించి లాగాడు. పిల్ల బయటపడింది, దాని వెనకే ఆగకుండా నెత్తురు వచ్చింది. గంట తిరిగేసరికి తల్లి చల్లబడింది. మగపిల్ల వణుకుతూ లేచి చచ్చిన తల్లి పొదుగు వెతుక్కుంటుంటే చూడలేక ఆయన తల తిప్పుకున్నాడు.

అటువంటి ఆడగుర్రం ఆయన చేతికి మళ్ళీ రాదు. అందుకే ఈ పిల్లకు వట్టలు తీయించకుండా సంతానానికి నిలపాలనుకున్నాడు. అనుకుంటే సరిపోదు. మూడో ఏడు నిండాక గుర్రాల డాక్టరమ్మ వచ్చి పరీక్ష చేస్తుంది. పళ్ళు చూస్తుంది, డెక్కలు ఎత్తి చూస్తుంది, యజమాని కాక ఇంకో మనిషి చేత నడిపించి చూస్తుంది. అన్నింటికీ ఒదిగి ఉంటేనే అనుమతి కాగితం. కాగితం ఉంటే చుట్టుపక్కల ఆడగుర్రాలన్నీ ఆయన గుమ్మానికే వస్తాయి. లేకపోతే వట్టలు తీయించి బండికి కట్టాల్సిందే. తల్లి రక్తం అక్కడితో సరి.

లాడాలు కొట్టే తాత అప్పుడే హెచ్చరించాడు. "మనుషుల మధ్యే పెరిగితే మనిషిని కూడా గుర్రమే అనుకుంటుందయ్యా. ఏ చిరాకు ముసలి ఆడగుర్రం పక్కనో వదులు. నాలుగు తన్నులు తిని బుద్ధి తెచ్చుకుంటుంది."

ఆ తన్నుల్లో ఒకటి మోకాటికి తగిలితే? ఉన్నది ఒక్కటే పిల్ల. గుర్రాలాయన దాన్ని ఒంటరిగా వేరే కొట్టంలో పెట్టి కళ్ళల్లో పెట్టుకుని పెంచాడు. సీసాతో పాలు పట్టే పని, కూర్చుని చేసేది కనుక, బావమరిది తీసుకున్నాడు. పాలతో ఊరుకోలేదు, ఆట కూడా నేర్పాడు. రెండు చేతులతో తన భుజాలు తట్టుకుంటే చాలు, పిల్ల వెనక్కాళ్ళ మీద లేచి, ముందు డెక్కలు రెండూ వాడి భుజాల మీద పెట్టి, జేబులోని బిళ్ళ కోసం ముక్కు చాచేది. చూడవచ్చినవాళ్ళు పడీపడీ నవ్వేవారు. గుర్రాలాయన కూడా నవ్వాడు. ఈ ఒక్క సంగతి మాత్రం ఆయన ఎవరికీ చెప్పడు.

రెండో ఏడు వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి. మేత వేస్తున్న ఆయన జబ్బ కండ పట్టి పీకింది. ఏడు కుట్లు పడ్డాయి. మెడకు పగ్గం వేయబోతే పైకి లేచేది. గుర్రాలాయన పగ్గం చివర మూరెడు గొలుసు తగిలించి, లేచిన ప్రతిసారీ ముందుకాళ్ళ మీద కొట్టాడు. చర్మం చిట్లి ఎముక తెల్లగా కనబడేదాకా కొట్టాడు. ఆయన బజారుకు వెళ్ళగానే చక్కెర వచ్చి భుజాలు తట్టుకునేవాడు. లేస్తే ఒకరు బిళ్ళ పెడతారు, ఒకరు గొలుసుతో కొడతారు. గుర్రం ఏం చేస్తుంది? గొలుసు చప్పుడు వినబడితే దెబ్బ పడకముందే తాను కొట్టడం నేర్చుకుంది. ఒకనాడు ఆయన ముందుపళ్ళు మూడు రాలగొట్టింది.

దాంతో ఆయనకు పిచ్చికోపం వచ్చింది. నాలుగు కాళ్ళకూ తాళ్ళు వేసి నేల మీద పడగొట్టాడు. మెడ మీద కూర్చుని, అది కొట్టుకుని కొట్టుకుని నురగ కక్కి, కళ్ళు తేలేసేదాకా లేవలేదు. మర్నాడూ అంతే. తొమ్మిదో రోజున జీను వేస్తే కదల్లేదు. నోట్లో కళ్ళెం పెడితే నమిలి ఊరుకుంది. లొంగింది అనుకున్నాడు. ఆయన చెయ్యి ఎంత దూరం పోతుందో దానికి తెలిసింది, అంతే.

పరీక్ష రోజు పొద్దున్నే డాక్టరమ్మ వచ్చింది. గుర్రాన్ని రాగిబిందెలా తళతళలాడేట్టు తోమి నిలబెట్టాడు. ఆమె పెదవి ఎత్తి పళ్ళు చూసింది, నాలుగు డెక్కలూ ఎత్తింది. గుర్రం చెమటలు కక్కుతూ రాయిలా నిలబడింది. ఇక మిగిలింది ఇంకో మనిషి నడిపించడం. ఆ పనికి లాడాల తాతను పిలిపించి పెట్టాడు. ఈలోగా ఇస్త్రీ చొక్కా వేసుకుని చక్కెర ముందుకొచ్చాడు.

"తాతెందుకు బావా, నేనున్నాగా. నా చేతుల్లో పెరిగిన బిడ్డ."

వద్దని గుర్రాలాయన పళ్ళు నూరాడు. గుమ్మంలోంచి భార్య అందుకుంది. "వాడంటే దానికి ప్రాణం కదండీ. పరాయివాళ్ళ ముందు వాణ్ణి చిన్నబుచ్చకండి."

డాక్టరమ్మ ఎదురుచూస్తోంది. గుర్రాలాయన పగ్గం ఇచ్చాడు. పగ్గానికి గొలుసు ఉండనే ఉంది.

ముప్పై అడుగులు చక్కగా నడిచింది. డాక్టరమ్మ కలం తీసింది. అక్కడితో ఆగితే వాడు చక్కెర ఎందుకవుతాడు? గుర్రానికి ఎదురు తిరిగి, నవ్వుతూ, గొలుసు పట్టుకున్న చేతులతోనే భుజాలు రెండూ తట్టుకున్నాడు. గొలుసు గల్లుమంది.

గుర్రం లేచింది. రెండు డెక్కలూ భుజాల మీద దిగాయి, మెడ కింది ఎముకలు ఎండుపుల్లల్లా విరిగిన చప్పుడు గుమ్మం దాకా వినిపించింది. కింద పడ్డవాణ్ణి గుర్రం వదల్లేదు. తొడ పట్టి ఎత్తి విదిలించింది, మోకాళ్ళు వేసి తొక్కింది. గుర్రాలాయన గేటు గడియ ఊడబీకి పరుగెత్తాడు. మొదటి దెబ్బకు గుర్రం కన్ను పోయింది. రెండో దెబ్బకు దవడ జారింది. అది చక్కెరను వదిలి ఆయన వైపు తిరిగింది గానీ మీదికి రాలేదు. తల వంచి వణికింది. అయినా ఆయన కొడుతూనే ఉన్నాడు. తాత వెనకనుంచి నడుం పట్టుకు లాగితే గాని చెయ్యి ఆగలేదు.

డాక్టరమ్మ సూది మందు ఎక్కించింది. గుర్రం పక్కకు ఒరిగి, నాలుగుసార్లు గట్టిగా ఊపిరి తీసి ఆగిపోయింది. చేతులు తుడుచుకుంటూ ఆమె ఒక్కటే అడిగింది.

"చిన్నప్పుడు దీని పక్కన ఇంకో గుర్రం ఏదైనా ఉండేదా?"

"లేదమ్మా," అన్నాడు. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

చక్కెర బతికాడు. కుడికాలు తొడ దాకా తీసేశారు, ఎడమ చెయ్యి భుజం పైకి లేవదు. ఆస్పత్రి ఖర్చు ఎవరిదనే మాట ఇంట్లో వచ్చింది. చేసుకున్నవాడే అనుభవిస్తాడని గుర్రాలాయన అన్నాడు. భార్య గొంతు పెంచకుండానే చెప్పింది.

"వాడు నేర్పింది లేవడం. చంపడం నేర్పింది మీరండీ."

ఆ వారంలోనే గుర్రాలాయన ఆస్పత్రి ఖర్చు కింద కొట్టాలూ, నీళ్ళ తొట్టీ, వాటి వెనక పచ్చిక మొత్తం పక్క రైతు పేరున రాసిచ్చేశాడు. కొలిచి చూస్తే మూడెకరాల నలభై రెండు సెంట్లు.