అజ్మత్ నిలబడే చోటు

వలి బాషా పూడ్చిన బొక్క ఎక్కడుందో ఆ గోడ కట్టినవాడు కూడా కనుక్కోలేడని శ్రీకాళహస్తిలో పేరు. ఆ పేరులో సగానికి పైగా భార్య అజ్మతున్నీసాది. ఆ సంగతి మాత్రం ఆయన ఏనాడూ ఎవరి దగ్గరా నోరు జారలేదు. మీసమున్న మగవాడు నలుగురిలో పెళ్లాన్ని మెచ్చుకోవడమా!

ప్రశాంతి కొత్తగా కలంకారీ చీరల అంగడి పెడుతోంది. పాత అద్దెదారు టీవీ పీక్కుపోయిన చోట జిప్సం బోర్డు గోడకు అరచేయి దూరేంత బొక్క పడింది. రంగు వేయాలంటే ముందు అది పూడాలి.

"ఇద్దరొస్తారని చెప్పినారే, అక్క యాడన్నా?" అని ఒక్కడే వచ్చిన వలి బాషాను అడిగింది.

"బంగారుపాళ్యం పోయిందమ్మా, సెల్లెలింటికి."

నాలుగు నెలలుగా అడిగినవాళ్లందరికీ ఇదే జవాబు. అసలు మాట గొంతు దాటి రాదు. ఒక్కసారి పైకి అంటే అది నిజమైపోతుందని ఆయన భయం.

బొక్కను నలుచదరంగా కోశాడు. లోపల చెక్కపట్టీలు బిగించి, వాటికి కొత్త బోర్డు ముక్కను మరమేకులతో నిలబెట్టాడు. అతుకుల మీద వల టేపు అంటించి పుట్టీ పూశాడు. ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ పూశాడు. మూడో పూత ఆరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. తడిమితే నున్నగానే ఉంది. కానీ ముప్పై ఏళ్లు సున్నం తిని మొద్దుబారిన చేయి అది, దాని మాట నమ్మడానికి లేదు.

ఇక మిగిలింది అజ్మత్ పని. తలుపులు మూసి, ఆయన టార్చిలైటును గోడకు ఆనించి పక్కవాటుగా పట్టుకుంటే, ఆమె దూరంగా నిలబడి చూసేది. మిట్ట ఉన్న చోటల్లా నీడ పడుతుంది. ఆయన చేయి కాస్త ఊగితే చాలు, "లైటు కదపబాకు!" అని కసిరేది. ఆ చాదస్తానికి ఆయన ఎన్నిసార్లు విసుక్కున్నాడో.

అలవాటు కొద్దీ తలుపులు మూసి, గోడకు లైటు పట్టాడు.

"సూడు," అన్నాడు గట్టిగా.

ఎవరు చూస్తారు? గదిలో ఆయనొక్కడే ఉన్నాడు.

"పిలిచినావా అన్నా?" ప్రశాంతి తలుపు తోసుకుని వచ్చింది.

ఆయన తడబడ్డాడు. "ఈ లైటు రొంత పట్టుకోమ్మా," అని చేతికిచ్చి, వెళ్లి అజ్మత్ నిలబడే చోట నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి.

నున్నగా ఉందనుకున్న గోడ మీద, అతుకు అంచున నెలవంకంత నీడ పడింది. దాని కింద ఇంకొక గీత కనిపించింది. ఇన్నాళ్లూ ఆమె చూసింది ఇదా! ఒక్కనాడైనా తను శెబాసు అనలేదే అనుకున్నాడు.

"నాకేమీ కనపడలే. ఇట్ల సూసేది ఎవరు నేర్పించినారన్నా?"

"మా ఇంటామె. పేరు నాది, కన్ను ఆమెది."

"అట్లయితే అక్క ఊర్నించి వస్తానే తీసుకురా. నేను సూడాల."

ఆయన ఉప్పుకాగితం మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

"ఆమె రాదమ్మా. సచ్చిపోయి నాలుగు నెలలాయ."

ప్రశాంతి లైటుతో సహా ఆయన వైపు తిరిగింది. గోడ మీది నీడలన్నీ చెదిరిపోయాయి. వలి బాషా కళ్లు నిండినా తుడుచుకోలేదు. మిట్ట ఉన్న చోటు తప్పిపోకుండా అక్కడే చూస్తూ, "లైటు కదపబాకమ్మా," అన్నాడు.