ఇస్త్రీ పెట్టె కింద టోఫు

ఇస్త్రీవాడికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి ఐదు కిలోల తన పాత ఇనుప పెట్టె వంటగట్టు మీద, ఓ పళ్లెంలో దర్జాగా కూర్చుని ఉంది. దాని కింద గుడ్డలో చుట్టిన టోఫు ముద్ద, సోయా పాలు విరిచి చేసిన జున్ను. పళ్లెం నిండా అది కక్కిన నీళ్లు.

"నాకు తిండి పెట్టే పెట్టె ఇది. తెచ్చి ఈ ముద్ద మీద పెడతావా?"

"నీళ్లు దిగాలండీ. తడి ఉంటే నూనె చిట్లుతుంది," అంది భార్య.

జవాబుగా చెంప ఛెళ్లుమంది. ఈ మనిషికి అంతకు మించి మాటలు రావు.

రెండేళ్లుగా ఆమె చైనా వంటల హోటల్లో మూకుళ్లు తోముతోంది. ఆ రోజు నాలుగింటికి అక్కడి వంటక్క ఆమె వేయించిన టోఫు రుచి చూస్తానంది. నచ్చితే పొయ్యి దగ్గర పని, హోటల్ మీది గదిలో మంచం. ఆమెకి కావలసింది ఆ గదే. దాని తలుపుకి లోపల గడియ ఉంది. పోయినేడు ఇతను మెలిపెట్టి విరిచిన ఎడమ మణికట్టు ఇంకా సరిగ్గా వంగదు.

మూకుట్లో నూనె పొగలు కక్కుతోంది. ముందే నీళ్లు దించి, ముక్కలు కోసి, తడి అద్దిన సగం టోఫు మరో పళ్లెంలో ఉంది. దాన్ని మోచేత్తో మూలకి జరిపింది. అతను జుట్టు పట్టుకుని ఆమె తలని అలమర తలుపుకేసి కొట్టాడు. కళ్లు బైర్లు కమ్మాయి. కనుబొమ్మ చిట్లి నెత్తురు కారింది.

"రెండో చెయ్యి కూడా పోతే ఇంట్లో పడి ఉంటావు," అంటూ ఇనుప పెట్టె ఎత్తాడు. ఆమె గట్టు మీంచి చెయ్యి లాక్కుంది. పెట్టె జారి నేల మీద పడి, అక్కడున్న కత్తిపీట చెక్క రెండయింది.

గురి తప్పేసరికి ఒళ్లు మరింత మండింది. గుడ్డ లాగేసి, టోఫు ముద్దని నీళ్లతో సహా పళ్లెంతో పైకెత్తాడు. "ఇదిగో నీ వంట."

హోటల్లో ఒక కట్టుబాటు ఉంది. నూనెలో ఏది పడబోతున్నా "వెనక్కి" అని అరవాలి, విన్నవాళ్లు ఎందుకని అడక్కుండా జరగాలి.

"వెనక్కి," అంది ఆమె, అలవాటు కొద్దీ. చెప్పి తను రెండడుగులు జరిగింది. అందులో మోసం ఏమీ లేదు.

"నన్నే వెనక్కి పొమ్మంటావా?" అని అతను మూకుడు మీదికి ఇంకా వంగి పళ్లెం బోర్లించాడు.

నూనె భళ్లున లేచింది. అతని చెంప, మెడ, ఇస్త్రీ చేసే కుడిచెయ్యి కాలాయి. అతని అరుపుకి పక్కింటి కిటికీలు తెరుచుకున్నాయి. ఆమె పొయ్యి ఆర్పింది, అతని తల పంపు కింద పెట్టి నీళ్లు పూర్తిగా విప్పింది. ఎవరికైనా అంతే చేసేది. కళ్లు మాత్రం దక్కాయి.

అతను పంపుని కరుచుకుని మూలుగుతుంటే గట్టు తుడిచింది. వేరే మూకుడు పెట్టి, మూలనున్న ముక్కల్ని పరిచింది.

"ఆసుపత్రికి తీసుకెళ్లవే. చచ్చిపోతున్నా."

"నీళ్ల కిందే ఉండండి. ఒక పక్క ఎర్రబడాలి. ఇప్పుడు కదిపితే అడుగంటుతుంది."

ఒక్కో ముక్కా తిప్పింది. సోయా సాసు, అల్లం, ఉల్లికాడలు వేసి డబ్బాలో సర్దింది. నుదుటి నెత్తురు కడుక్కుని, నాలుగు చీరలు సంచిలో పెట్టుకుంది.

"పదండి. ఆసుపత్రి నా దారిలోనే ఉంది, దింపేసి వెళ్తాను."

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

ఆమె డబ్బా మూత బిగించింది. మణికట్టు కలుక్కుమంది. ఇనుప పెట్టెని నేల మీంచి తీసి, తుడిచి, అతని ఎడమచేతికి ఇచ్చింది.