పుచ్చకాయలో బస్సు

సూదులు ఉడకాలంటే ఇరవై నిమిషాలు పడుతుంది. మా ఆస్పత్రి గడియారం రెండేళ్ల కిందట రిపేరుకని నంద్యాలకు పోయింది. ఇంతవరకూ తిరిగి రాలేదు, ఆడనే పెళ్లి చేసుకుని పిల్లల్ని కన్నదేమో. అందుకని నేను కథ చెప్పి కొలుస్తాను. కథలో, బండి ఆత్మకూరు అనే ఊరి చేలో కాసిన పుచ్చకాయలోకి దోవ తప్పి ఒక బస్సు దూరుతుంది. లోపల కండక్టరు టిక్కెట్లు కొడతాడు, జనం గుజ్జు తింటూ తింటూ దోవ చేసుకుని అవతలికి పడతారు. కథ అయ్యేసరికి సరిగ్గా ఇరవై. ఇక్కడ పనిచేసి, పెళ్లయి అత్తారింటికి వెళ్లిపోయిన నర్సమ్మ తన చేతిగడియారం పెట్టి చూసి మరీ చెప్పింది.

ఆళ్లగడ్డలో సంజీవయ్య డాక్టరు ఆస్పత్రిలో ఆయాను నేను. పొద్దున్నే ఇంట్లో పదిమందికి రొట్టెలు కాల్చి వస్తాను. ఇక్కడ రక్తం గుడ్డలు ఉతికి, సూదులు ఉడికించి, ఇంటికి పోతే మా అత్త వాకిట్లోనే ఆపుతుంది. "ఆస్పత్రి మైలంతా మోసుకొస్తివి. తలకు పోసుకోని రా." పోసుకుని వస్తే ఆ చేతులతోనే మళ్లీ పిండి పిసకాలి. పిండికి మైల అంటదు కాబోలు. మా ఆయన శ్రీనివాసులు అరుగు మీంచి "ఆడ కూచోని కథలు జెప్పేదానికి అలుపేందే నీకి?" అంటాడు. నిజమే, మొన్నటిదాకా అలుపు మోకాళ్లలోనే ఉండేది. ఇప్పుడు నడుములోకి మారింది.

చాలా రోజులు కథ సగంలో ఉండగానే కాంపౌండరు మత్తయి వచ్చి సూదులు తీసుకుంటాడు. "బస్సింకా లోపలే ఉందన్నా" అంటే, "నువ్వు ఎనకనుంచి తొయ్యి పో" అని నవ్వుతాడు. అట్లా సగం ఉడికిన సూదితోనే, వైద్యానికొచ్చిన రామసుబ్బమ్మకు పిర్ర మీద పొడిచాడు. అది గడ్డ కట్టి, చీము పట్టి, పదకొండు రోజులుగా ఆమె ఆస్పత్రిలోనే బోర్లా పడుకుని ఉంది. "నీ రక్తమే మంచిది కాదు" అన్నాడు డాక్టరు. ఆమె నమ్మింది. ఆమె మొగుడు కూడా నమ్మి, చూడడానికి రావడం మానేశాడు.

అప్పుడే కబురొచ్చింది. ఒకరి రోగం ఇంకొకరికి అంటకుండా ఆస్పత్రుల్లో ఏం జాగ్రత్త పడుతున్నారో దేశదేశాలూ తిరిగి చూసేవాళ్లు మా దగ్గరికీ వస్తున్నారట. గోడలకు సున్నం కొట్టారు. డాక్టరు ఇంట్లోని గడియారం తెచ్చి తగిలించారు. మత్తయి నన్ను పక్కకు పిలిచాడు.

"కొండమ్మా, అడిగితే దినామూ గడియారం జూసి ఇరవై నిమిషాలు ఉడికిస్తాండా అని జెప్పు. ఊరందరికీ అబద్దాలు జెప్తావు గదా, మాకోసరం ఒగటి జెప్పలేవా?"

ఇంట్లో చెబితే మా ఆయన తల కూడా ఎత్తలేదు. "వాళ్లు జెప్పమన్నదే జెప్పు. ఆ పని పోగొట్టుకోని ఈ గడప తొక్కొద్దు."

మరుసటి రోజు ప్రమీలమ్మ అనే డాక్టరమ్మ ఒక తెల్లదొరతో వచ్చింది. పొయ్యి చూసింది, సూదుల డబ్బా మూత తీసి చూసింది.

"ఎంతసేపు ఉడికిస్తావమ్మా?"

డాక్టరూ మత్తయీ నా నోటి వంకే చూస్తున్నారు. పక్క గదిలో రామసుబ్బమ్మ మూలుగుతోంది. పుట్టిన తర్వాత మొదటిసారి నా నోటికి కథ రాలేదు.

"కథ అయిపోయిన దినం ఇరవై నిమిషాలమ్మా. శానా దినాలు బస్సు పుచ్చకాయలో ఉండంగానే ఎత్తుకపోతారు. ఆ గదిలో మూలిగే ఆయమ్మకు అట్లనే చీము పట్టింది. ఆయమ్మ రక్తం మంచిదే."

ప్రమీలమ్మ ఆ మాటల్ని కాగితం మీద రాసుకుంటూ, దొరకు ఇంగ్లీషులో చెబుతూ పుచ్చకాయ దగ్గర కాసేపు ఆగింది. డాక్టరు గట్టిగా నవ్వాడు.

"దాని మాట రాసుకోవద్దు మేడమ్. అబద్ధాలు చెప్పడమే దాని పని. ఊళ్లో ఎవర్నైనా అడగండి."

ఎవర్ని అడిగినా అదే చెబుతారు. ప్రమీలమ్మ కలం ఆపి నావైపు చూసింది.

"చెప్తానమ్మా, అబద్దాలే చెప్తా. నా అబద్దాలతో ఇంతవరకూ ఒగరికి గూడా చీము పట్టలే" అన్నాను. ఆమె రాసిన కాగితం మీద వేలిముద్ర ఎక్కడ వేయాలో చూపించమన్నాను.