రెండో గీత దాకా

సిరంజిని మూతి పైకి ఉండేలా దీపానికి ఎదురుగా పట్టుకుని, గున్‌వోర్ గోటితో టకటకా కొట్టింది. పాలలో ఇరుక్కున్న బుడగ బద్ధకంగా పైకి కదిలింది. కిటికీ అవతల, చలికాలమంతా సూర్యుడు కనపడని ఆ ఉత్తరపు కొసనున్న ట్రోమ్సోలో, పొద్దెక్కినా చీకటి చీకటిగానే ఉంది.

ఆసుపత్రి అడుగు అంతస్తులో ఉంది ఆ పాల వంటగది. నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు ఇక్కడి నుంచే పాలు పైకి వెళతాయి. సొంత తల్లికి పాలు పడకపోతే, ఊళ్లో ఇంకో తల్లి తనకు మిగిలినవి ఇచ్చిపోతుంది. గున్‌వోర్‌కు పెళ్లి లేదు, పిల్లల్లేరు. ఆవిడ కొలిచిన పాలు తాగి గట్టెక్కినవాళ్లు ఊరినిండా ఉన్నారు, ఒక్కరికీ ఆవిడ మొహం తెలియదు. తెలిస్తే సిగ్గుతో చచ్చిపోనూ, అంటుంది తనే.

తలుపు తోసుకుని మారిత్ వచ్చింది. ఒంటిమీద మొగుడి స్వెటర్, చేతిలో చిన్న గిన్నె. కాన్పయిన దగ్గర్నుంచి పాలు పడక ఏడుస్తున్న బాలింత.

"పడ్డాయి గున్‌వోర్! చూడు. కొంచెమే. చాలవేమో!"

"ఎందుకు చాలవు? నీ కొడుకేమన్నా పీపాలు తాగే జాలరా? సిరంజిలో రెండో గీత దాకా వస్తే వాడికి విందే."

"ఇన్నాళ్లూ ఊరందరి పాలూ తాగాడు. నావి ఒక్కసారన్నా..." గిన్నె గున్‌వోర్ చేతిలో పెట్టింది.

"తాగుతాడులే. నువ్వు పో, వాడి దగ్గర కూర్చో."

గున్‌వోర్ గిన్నె వంచి పాలు లాగింది. కొత్తవాళ్లయితే బుడగతో సహా గీత దాకా లాగి నిండిందనుకుంటారు. గాలి కడుపు నింపుతుందా? బుడగను బయటికి నెట్టాక పాలు గీతకు తక్కువయ్యాయి. గిన్నె గోడకు అంటుకున్న చుక్కలను ఒక్కొక్కటే సిరంజి మూతితో పీల్చింది. చివరి చుక్కతో రబ్బరు బిరడా అంచు సరిగ్గా రెండో గీత మీద నిలిచింది.

"శభాష్ మారిత్," అంది, గదిలో ఎవరూ లేకపోయినా.

ఫోను మోగింది. పై నుంచి నర్సు తూరా.

"మారిత్ బాబుకు ఇక పాలు పంపక్కర్లేదు గున్‌వోర్. ఇప్పుడే పోయాడు. తల్లి ఒళ్లోనే."

వాడని పాలు తొట్టిలో పారబోయాలి. గున్‌వోర్ తొట్టి దాకా వెళ్లింది. చెయ్యి రాలేదు. ఇన్నేళ్లూ పాలే పైకి వెళ్లాయి గాని ఆవిడ ఎన్నడూ వెళ్లలేదు. ఏప్రన్‌తోనే మెట్లెక్కింది.

బాబు ఉన్ని టోపీలో నిద్రపోతున్నట్టే ఉన్నాడు. గున్‌వోర్ సిరంజి అందించింది.

"నీ పాలేనమ్మా. చుక్క కూడా పోలేదు."

మారిత్ వేలితో సిరంజి నొక్కింది. బాబు పెదాల మీద తెల్లటి చుక్క నిలిచింది. ఎవరూ తుడవలేదు.

"తాగాడు కదూ?" అంది మారిత్.

"తాగాడు తల్లీ," అంది గున్‌వోర్. కొలతలో ఎన్నడూ అబద్ధమాడని మనిషి, ఏడుస్తూ అంది.

బాబును తీసుకెళ్లాక ఆ గదిలో, కిటికీ గట్టు మీద సిరంజి మిగిలింది, బిరడా రెండో గీతకు ఒక్క చుక్కంత, వెంట్రుకవాసి తక్కువలో.