ఎడమ పురి

“చెయ్యి మార్చు” అనడంతోనే బసమ్మకు తెల్లవారేది. కోడలు వాకిలి ఊడ్చినా అదే మాట, రొట్టె కొట్టినా అదే మాట. రాట్నం ముందు కూర్చుంటే ఇంకా గట్టిగా అదే మాట. కోడలు భాగీరథిది ఎడమచేతి వాటం. న్యాల్‌కల్ అవతల కన్నడం మాట్లాడే తల్లిగారి ఊళ్ళో ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. జహీరాబాద్‌కు కాపురానికి వచ్చిన మూడోనాడే అత్త పొయ్యి ఊదే గొట్టంతో ఆ చేతి మీద ఒకటి పెట్టింది.

“గది పీడ చెయ్యి. గదాంతోని వడికిన నూలు కప్పుకుంటే గొర్ల మంద బతుకుతదా?”

అందరూ కుడిచేత్తో రాట్నం తిప్పి వడుకుతారు. భాగీరథి రాట్నాన్ని అటు మళ్ళించి పెట్టుకుని ఎడమచేత్తో తిప్పేది. అందుకని ఆమె నూలుకు పురి, అంటే మెలి, అటువైపు పడేది. నూలు సన్నగా, గట్టిగానే వచ్చేది. అయినా గొంగడికి నిలువుగా పోసే పడుగులో దాన్ని కలపనిచ్చేది కాదు బసమ్మ. పడుగు తాను వడికేది. అడ్డంగా కొట్టే పేకకు మాత్రం కోడలి నూలు. “లోపలికి పోతది, ఎవ్వలకు కనవడది” అనేది. పద్దెనిమిదేళ్ళు ఆ ఇంట్లో గొంగళ్ళన్నీ అట్లాగే తయారయ్యాయి. నిలువు అత్తది, అడ్డం కోడలిది, పేరు మాణిక్‌ది.

మాణిక్ ఆమె మొగుడు. మగ్గం గుంటలో కాళ్ళు వేసుకుని కూర్చుంటాడు. పేక నూలు మోసే నాడెను ఇటు నుంచి అటు విసురుతాడు, అటు నుంచి ఇటు విసురుతాడు. ఆ నాడె అతని చేతికి వచ్చేలోపల భాగీరథి ఉన్ని ఉతకాలి, అందులోని పల్లేరు ముళ్ళు ఏరాలి, దువ్వాలి, వడకాలి, కండెలు చుట్టాలి, చింతగింజలు నూరి గంజి కాయాలి, గంజి పట్టించిన పడుగును ఎండకు ఆరబెట్టాలి, మధ్యలో ఇద్దరు ఆడపిల్లల తలలు దువ్వాలి, మాణిక్‌కు చాయ పోయాలి. చాయలో చక్కెర తక్కువైతే నాడె ఆపి మరీ తిడతాడు. నాడె ఆపడం పెద్ద నష్టమన్నట్టు ఇంటిల్లిపాదీ భయపడాలి.

అయితే గొంగడి మాత్రం గొప్పది. కోహీర్ నుంచి, బీదర్ నుంచి గొర్లకాపరులు మాణిక్ గొంగడి కావాలని వచ్చేవారు. కొనేముందు నీళ్ళ పరీక్ష పెట్టేవారు. నలుగురు నాలుగు కొసలు పట్టుకుంటారు, నడుమ బిందెడు నీళ్ళు పోస్తారు, ఒకడు బీడీ ముట్టిస్తాడు. ఆ బీడీ అయిపోయేదాకా కింద చుక్క పడకపోతే అది గొంగడి. పడితే గోనెపట్ట. మాణిక్ గొంగడి ఎన్నడూ కారలేదు. అందరూ భుజం తడితే అతను మీసం దువ్వుకునేవాడు.

“చెయ్యి గుణం గది. అందరికి రాదు.”

భాగీరథి ఖాళీ బిందె పట్టుకుని పక్కనే నిలబడి వినేది. ఆ నీళ్ళు మోసుకొచ్చిందీ ఆమెనే.

మొగుడి మీద కోపం ఆమెకు ఎన్నడో పోయింది. కోపగించుకోవాలన్నా ఎదుటి మనిషిలో కొంత సరుకు ఉండాలి. మాణిక్ తిన్న పళ్ళెంలో చెయ్యి కడిగి లేచిపోతుంటే, ఆ నీళ్ళలో తేలే మెతుకుల వంక చూసినట్టే ఆమె అతని వంక చూసేది.

ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు బొంబాయి రోడ్డు పక్కన ఉన్ని నేత సంఘానికి రేకుల షెడ్డు వచ్చింది. సంఘంలో పద్నాలుగు మంది మెంబర్లు, అందరూ మగవాళ్ళే. అధ్యక్షుడైన విరూపాక్షప్ప పటేలు నాడె ఎట్లుంటుందో దగ్గర నుంచి చూడనివాడు. గొంగడి గురించి అతనికి తెలిసిందల్లా కప్పుకోవడం. ఆడవాళ్ళకు నేత నేర్పుతామని రాస్తేనే షెడ్డు ఇస్తామన్నారు పైవాళ్ళు. పన్నెండు మంది ఆడవాళ్ళ వేలిముద్రలు కావలసి వచ్చాయి. మెంబర్లు ఎవరి పెళ్ళాన్ని వాళ్ళు, కరువైనచోట పక్కింటి ముసలమ్మను తీసుకొచ్చి వేళ్ళు ఒత్తించారు. ఆ ఆడవాళ్ళు నిజంగానే వచ్చి కూర్చుంటారని వాళ్ళు కలలో కూడా అనుకోలేదు.

వచ్చి కూర్చున్నారు. పొద్దున వంట చేసి, మళ్ళీ పొద్దు వాలేముందు వంటకు పోయేలోపల మూడు నాలుగు గంటలు. సంగారెడ్డి నుంచి వచ్చిన ఇందిరమ్మ టీచరు మగ్గం చూపించింది. తక్కినవి వాళ్ళు ఒకరికొకరు నేర్పుకున్నారు. అరవై ఏళ్ళ అనంతమ్మకు తుమ్మచెక్కతో రంగు ఎక్కించడం తెలుసు. అల్లం మళ్ళలో కూలికి పోయే యాదమ్మ వేళ్ళు తెగిన పోగును చూడకుండానే పట్టేవి. ఎడమచేత్తో వడకడం ఎట్లనో భాగీరథి చూపించింది. కుడిచేత్తో ఎట్లనో వాళ్ళు ఆమెకు చూపించారు. అక్కడ చెయ్యి మార్చమని అన్నవాళ్ళు లేరు. అందుకేనేమో, పద్దెనిమిదేళ్ళు కొట్టినా మారని చెయ్యి నెల రోజుల్లో రెండు విధాలా నేర్చింది.

మగ్గం గుంటలో మొదటిసారి కాళ్ళు వేసినరోజు అనంతమ్మ జానెడు గుడ్డ నేసింది. తర్వాత నాడె ఆపి అడిగింది.

“గింతేనా?”

“ఇంకేమనుకున్నవ్ పెద్దమ్మా?” అంది యాదమ్మ.

“కాదే, నా మొగుడు నలభై ఏండ్లు నడుం నొప్పి నడుం నొప్పి అని నాతోని కాళ్ళు పిసికిచ్చుకున్నడు. గిదా కష్టం? సల్లగ కూసునుడే కదనే!”

షెడ్డు రేకులు ఎగిరిపోయేటట్టు నవ్వారు.

ఒకనాడు భాగీరథి నూలు తెగింది. పక్కనున్న యాదమ్మ తన నూలు కొసను దానికి ఆనించి అరచేతుల నడుమ నలిపింది. రెండు పోగులు అట్లా నలిపితే ఒకటి కావాలి. కాలేదు. ఒకటి ముడుచుకుంటే రెండోది విచ్చుకుంది.

“ఏందక్కా, నీ నూలు నా మాట ఇంటలేదు?”

అనంతమ్మ ఆ కొసను కంటి దగ్గర పెట్టుకుని చూసింది. “దీని పురి ఉల్టా ఉన్నదే. మనది ఇటు, దీనిది అటు.” భాగీరథిని అడిగింది. “మీ ఇంట్ల నీ నూలు దేనికి కొడ్తరే?”

“పేకకు.”

“పడుగు?”

“మా అత్తది.”

ముసలమ్మ రెండు నూళ్ళూ పక్కపక్కన పెట్టింది. మూడు చిన్న గుడ్డలు నేసి చూద్దామంది. ఒకటి నిలువూ అడ్డం రెండూ ఇటు పురి, ఒకటి రెండూ అటు పురి. మూడోది నిలువు ఇటు, అడ్డం అటు. నేశారు. వేడినీళ్ళలో తడిపి కాళ్ళతో తొక్కారు. ఆరిన తర్వాత ఒక్కోదాన్ని నలుగురు పట్టుకుని చెంబెడు నీళ్ళు పోశారు. అనంతమ్మ బీడీకి బదులు చుట్ట ముట్టించింది. మొదటిది రెండు దమ్ములకు కారింది. రెండోది నాలుగు దమ్ములకు. మూడో గుడ్డ ఉన్ని ఒకదాన్నొకటి కరుచుకుని మూసుకుపోయింది. చుట్ట మొత్తం కాలి ముసలమ్మ వేళ్ళు చుర్రుమన్నా చుక్క పడలేదు.

అందరూ భాగీరథి ఎడమచెయ్యి వంక చూశారు. ఆమె కూడా చూసుకుంది. మణికట్టు దగ్గర ఊదే గొట్టం మచ్చ ఇంకా ఉంది. కోహీర్ కాపరులు, బీదర్ బేరగాళ్ళు, భుజం తట్టినవాళ్ళు, మీసాలు, చెయ్యి గుణం. ఆ గుణం ఏ చేతిదో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసినా చెప్పేవాళ్ళు కాదు, అది వేరే. కానీ తెలియనే తెలియదు! పద్దెనిమిదేళ్ళు దొంగతనం చేసి, చేసినట్టు కూడా తెలియనంత తెలివితక్కువ మనుషుల నడుమ బతికినందుకు ఆమెకు ఏడుపు రాలేదు. నవ్వొచ్చింది. వీళ్ళకా నేను భయపడింది అనుకుంది.

అయినా దాచుకోలేదు. ఆ పూట అన్నం పెడుతూ చెప్పింది.

“గొంగట్ల నీళ్ళాగుడు నీ చెయ్యితోని కాదు. నా నూలు పురి ఉల్టా ఉంటది, అందుకు.”

మాణిక్ ముద్ద మింగి నవ్వాడు. “ఇగో అమ్మా, ఇన్నవా? షెడ్డుకు పోయి సైన్సు నేర్చిందట.”

“గా పీడ చెయ్యి ముట్టుడే పాపమంటే, దాన్ని చూసుకోని మురుస్తున్నది” అంది బసమ్మ.

ఇందిరమ్మ టీచరుకు బదిలీ అయింది. షెడ్డుకు ఇక్కడి మనిషినే మాస్టరుగా పెట్టుకోమని కాగితం వచ్చింది. మాణిక్ పేరు రాస్తానన్నాడు విరూపాక్షప్ప. పన్నెండు మంది ఆడవాళ్ళు అతని ఇంటి ముందు నిలబడి భాగీరథి పేరు చెప్పారు. అతను అరుగు మీద నుంచి లేవలేదు.

“ఆడోళ్ళకు ఆడామెనే మాస్టరైతే, ఇగ మేమెందుకు?”

“గదే అడుగుదమని వచ్చినం పటేలా” అంది అనంతమ్మ.

పటేలు మొహం మాడ్చుకున్నాడు. షెడ్డు చూడడానికి హైదరాబాదు నుంచి ఆఫీసరు వచ్చిననాడు నీళ్ళ పరీక్ష పెడదామన్నాడు. మాణిక్ కొత్త గొంగడి ఒకటి, షెడ్డు గొంగడి ఒకటి. ఏది నిలిస్తే అది నేసిన మనిషి మాస్టరు. మాణిక్ గొంగడి కారడం అతను ఎరగడు కాబట్టి చాలా న్యాయంగా మాట్లాడానని అనుకున్నాడు.

మాణిక్ గొంగడికి నూలు వడికే ముందు అత్త, మొగుడు ఇద్దరూ రాట్నం దగ్గరకు వచ్చారు.

“సర్కారోళ్ళు చూసే గొంగడి. ఇంటి ముంగట కూసోని వడుకాలె, పేకంత వడుకుడు నలుగురు చూస్తరు. ఉల్టా చెయ్యి తిప్పి నా ఇజ్జత్ తియ్యకు” అన్నాడు మాణిక్.

“ఇప్పుడన్న చెయ్యి మార్చు” అంది బసమ్మ.

భాగీరథి తల ఎత్తి చూసింది. “పేక నా ఎడమచెయ్యిది లేకుంటే నీళ్ళాగయి. ఒక్కపారి చెప్పిన. మల్ల చెప్తున్న. సోంచాయించుకొని చెప్పు.”

“నువ్వు చెప్తే నేనినాల్నా? చెప్పింది చెయ్యి.”

“సరే.”

రాట్నాన్ని ఇటు తిప్పుకుంది. కుడిచెయ్యి వేసింది. పేకంతా అట్లాగే వడికింది, ఒక్క బారెడు కూడా తప్పకుండా. తప్పుడు పని చేసిందని రేపు ఎవడూ అనకూడదని నూలు ఎన్నడూ లేనంత శ్రద్ధగా తీసింది. వీధిలో పోయేవాళ్ళు చూసి బాగుందన్నారు. బసమ్మ పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి కోడలి తల నిమిరింది. “ఇప్పుడు మనిషివైనవ్ బిడ్డా.” పగలు కాసేపు షెడ్డుకు పోయినప్పుడు భాగీరథి ఎడమచేత్తో ఇంకో పేక వడికింది. యాదమ్మ, అనంతమ్మ పడుగు పోశారు. గుంటలో భాగీరథి కూర్చుంది.

ఆఫీసరు జీపులో వచ్చాడు. ముందు మాణిక్ గొంగడి. నలుగురు మెంబర్లు కొసలు పట్టుకున్నారు, బిందె వంచారు. మాణిక్ తానే బీడీ ముట్టించి ఆఫీసరు పక్కన నిలబడ్డాడు. మెచ్చుకోలు వినడానికి మొహం ముందే తయారుగా పెట్టుకున్నాడు. విరూపాక్షప్ప కింద కూర్చుని తల దూర్చి చూపిస్తున్నాడు. “చూడున్రి సార్, చుక్క పడితే నన్నడుగున్రి.”

బీడీ సగం కాకముందే చుక్క పడింది. అతని బట్టతల మీదనే పడింది. తర్వాత ఇంకొకటి, తర్వాత వరసగా.

“ఈసారి ఉన్ని మంచిది కాదు సార్” అన్నాడు మాణిక్. “ఈ ఏడు గొర్లు సరిగ మేస్తలేవు.”

“రెండు గొంగళ్ళకు ఒక్క మంద ఉన్నే” అంది అనంతమ్మ.

షెడ్డు గొంగడిలో బిందెడు నీళ్ళు పోశాక బీడీ ఒకటి కాలింది, ఆఫీసరు సిగరెట్టు కూడా కాలింది. కింద మట్టి పొడిగానే ఉంది. ఆఫీసరు ఈ రెంటికీ తేడా ఏమిటని అడిగాడు. భాగీరథి రెండు పోగులు తెచ్చి, పురి విప్పి చూపించి చెప్పింది. రిజిస్టర్లో మాస్టరు పేరు ఉండవలసిన చోట విరూపాక్షప్ప తడి తల తుడుచుకుంటూ ఆమె పేరు రాశాడు. ఆమె వేలిముద్ర వేసింది, ఎడమ బొటనవేలు.

ఇంటికి వచ్చేసరికి మాణిక్ మగ్గం మీద చేతులు వేసుకుని కూర్చున్నాడు. కోపం చేసుకుందామనుకున్నాడుగానీ దానికి సందు దొరకలేదు. చెప్పింది చెయ్యమన్నాడు, ఆమె చేసింది. కోహీర్ కాపరులు వారం తిరక్కుండా కొత్త గొంగళ్ళకు వస్తారు. ఆ సంగతి ఇంట్లో పెద్దవాళ్ళు ముగ్గురికీ తెలుసు. అతను తల్లి వంక చూశాడు. బసమ్మ రాట్నాన్ని తానే అటువైపు మళ్ళించి పెట్టింది.

“బిడ్డా... చెయ్యి మార్చు.”

భాగీరథి రాట్నాన్ని మళ్ళీ ఇటు తిప్పుకుని కూర్చుంది.

“ఎడమచెయ్యికి తీరిక లేదత్తా. అది షెడ్డుల పనికి కుదిరింది. మీ ఇంటికి కుడిచెయ్యే.”